ఇంటి మీద కుండ

27 జూలై 2023, గురువారం, రాత్రి

కరెంటు లేదు. కొవ్వొత్తి ముందు రాస్తున్న.

రెండు రోజులాయె, వాన తెరిపి ఇయ్యలే. పొద్దున వంటర్ర తలుపు తీస్తే పొయ్యి గద్దె మీద నీళ్లు. పైకి చూసిన. పొగగూడు మీద రేకు లేదు. రాత్రి గాలికి ఎటు కొట్టుకపోయిందో. ఆ బొక్కల నుంచి ఆకాశం కనపడుతున్నది, బూడిద రంగుల, చారెడంత.

కింద గంగాళం పెట్టిన. నిండుడు, పారబోసుడు. అత్తమ్మ మంచంల కూసోని లెక్క పెడుతున్నది. "ఇది ఏడోది" అన్నది ఇందాక.

ములుగు దిక్కు లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్లట. మోరంచపల్లె మునిగి జనం ఇండ్ల కప్పులెక్కి నిలబడ్డరు. ఫోన్ల చూసిన, చూడలేక పెట్టేసిన.

వాళ్లకు కప్పు మీదికి ఎక్కాల్సి వచ్చింది. నాకు కప్పు మీద ఒక బొక్క. దాని గురించి ఏడుపొస్తున్నదంటే ఎవరికి చెప్పాలె.

29 జూలై, శనివారం

పోతననగర్ దిక్కు భద్రకాళి చెరువు కట్ట తెగింది. హంటర్ రోడ్డు పొంటి కాలనీలల్ల ఇంకా నీళ్లు. బడికి సెలవే.

రేకు దొరికింది. పక్కింటోల్ల బాదం చెట్టు కింద, బురదల. కడిగిన. నూనె డబ్బా కోసి సాపు చేసిన రేకు. లోపలి మొఖాన డబ్బా అక్షరాలు సగం ఇంకా ఉన్నయి. నాలుగు దిక్కులా చెవులు మడిచి, తీగ కట్టి... అంతా మా ఆయన చేసిందే. ఏటేటా మిరుగం ముంగట నిచ్చెన ఏసుకొని ఎక్కేటోడు. పెంకులు సదిరి, రేకు చూసి, దిగి చాయ్ అడిగేటోడు.

2021 మే తర్వాత ఎవరూ ఎక్కలే. మూడు మిరుగాలు పోయినయి.

పారెయ్యబుద్ధి కాలే. దర్వాజ ఎనక నిలబెట్టిన.

2 ఆగస్టు, బుధవారం

తాపీమేస్త్రీ వచ్చి చూసిండు. "మూసేద్దాం టీచరమ్మా. సిమెంటు పలక ఒకటి ఏస్తే గంట పని. ఇగ ఎవలు పెడుతున్నరు కట్టెల పొయ్యి?"

నిజమే కదా. గ్యాసు వచ్చి ఎన్నేండ్లాయె. కట్టెలు పెట్టేది ఏడాదికి మూడు నాలుగు మాట్లు. పెత్రమాసకు, సద్దులకు, సంక్రాంతి సకినాలకు. దానికోసం బొక్క ఉంచుకోవాల్నా? సోమవారం రమ్మన్న.

అత్తమ్మ నిద్రపోయిందనుకున్న. రాత్రి అన్నం కాడ తల ఎత్తకుండనే అడిగింది: "మరి పొగ యాడికి పోవాలె?"

ఏమీ చెప్పలే. ఆమె కూడ మళ్ల అడగలే.

5 ఆగస్టు, శనివారం

హైదరాబాద్ నుంచి మరిది ఫోను. "వదినా, ఇంకెన్నేండ్లు ఆ గూనపెంకులు సదురుకుంట కూసుంటరు? బిల్డర్‌కిస్తే మీకో ఫ్లాటు, మాకో ఫ్లాటు. అమ్మకు లిఫ్టు ఉంటది." అన్నదాంట్ల తప్పేం లేదు. మా మీద బెంగతోనే అన్నడు.

ఆలోచిస్త అన్న.

పెట్టేసినంక మేస్త్రీకి ఫోన్ చేసి సోమవారం రావద్దని చెప్పిన. ఎందుకు చెప్పిన్నో. రెండింటికీ సంబంధం ఏంది?

9 ఆగస్టు, బుధవారం

ఆడబిడ్డ కొడుకు లండన్ నుంచి ఫోటోలు పంపిండు. పొగగూడు సంగతి వాళ్లమ్మ చెప్పిందట. పాత ఇండ్ల కప్పుల మీద వరుసగ మట్టి గొట్టాలు, ఎర్రటియి, కొన్ని పసుపు. కింద ఎన్ని పొయ్యిలుంటే పైన అన్నట. ఇంగ్లీషుల వాటిని కుండలే అంటరట. 1956ల చట్టం తెచ్చి ఊర్లల్ల బొగ్గు పొగ బందు పెట్టించిండ్రట. పొగ పోయింది, కుండలు మాత్రం అట్లనే ఉన్నయి. అమెరికాల రాగితోని కూడ చేయించుకుంటరట, ఇంటి కొలత తీసుకోని.

అత్తమ్మకు చూపించిన. కండ్లద్దాలు సదురుకొని శానసేపు చూసింది. "పొయ్యి మీద కుండ, ఇంటి మీద కుండ" అన్నది. మొఖంల నవ్వు.

మనమూ చేపిద్దామా రాగితోని అన్న. ఊరికే అన్న. నవ్వు పోయింది. "రాగి గుడి మీదికి. కలశానికి. పొగ మీద పెడ్తరా ఎవలన్న?" అటు మర్లి పండుకున్నది. కొంచెం సేపటికి గోడ దిక్కు చూసుకుంటనే: "గిది అధిక మాసం. కొత్తయి ఏం మాట్లాడకు."

రాగి అన్న మాట నాకే అంటుకున్నది. వదుల్తలేదు.

17 ఆగస్టు, గురువారం

నిన్నటితోని అధిక శ్రావణం అయిపోయింది.

బడి నుంచి వచ్చి చెప్పులు ఇడుస్తున్న. అత్తమ్మ: "అటక మీద నా కాగు ఉన్నది, దించు."

పొరుగు పిల్లగాన్ని పిలిచి దింపించిన. ఎంత బరువు. అంత పెద్ద రాగి కాగు ఈ ఇంట్ల ఉన్నదన్నదే మర్చిపోయిన. పరకాల నుంచి, అత్తమ్మ పెండ్లికి పెట్టింది. నేను కాపురానికి వచ్చిన కొత్తల వాకిట్ల మూడు రాళ్ల మీద ఉండేది. తెల్లారగట్ల నీళ్లు కాగేటియి. అడుగు సన్నగై బొక్క పడ్డంక అటకెక్కింది. బయట అంతా మసి, గట్టి పెచ్చు కట్టి. లోపల బోరునీళ్ల సున్నం తెల్లగ.

అత్తమ్మ చెయ్యి పెట్టి మసి రుద్దింది. ఏలు నల్లగైంది. ఆ ఏలు నాకు చూపించింది.

"పొగ దీనికి కొత్తనా, బిడ్డ?"

20 ఆగస్టు, ఆదివారం, పెంబర్తి పోయొచ్చి

కాగును గోనెసంచిల కట్టి హన్మకొండ బస్టాండుకు. కండక్టర్ దానికి కూడ టికెట్ కొట్టిండు. స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లె, జనగామ. అక్కడి నుంచి ఆటో.

ఊర్లకు పోకముందే చప్పుడు. ఠక్ ఠక్ ఠక్, ఒక్క తీరుగ కాదు, ఇంటింటికి ఒక తీరు. వాకిట్ల ఒకాయన గుడి తలుపుకు ఇత్తడి రేకు మీద దశావతారాలు తీస్తున్నడు. వామనుడి దాక వచ్చిండు. పుస్తకంల పాఠం చెప్తాం పిల్లలకు, కాకతీయుల కాలం నాటి పని, నిజాం కాలంల అత్తరుదానులు పాన్‌దానులు చేసిన చేతులు, 2010ల జీఐ గుర్తింపు అని. ఎన్నేండ్ల నుంచో చెప్తున్న. అరవై కిలోమీటర్లు వచ్చి చూసింది ఇయ్యాలనే.

రాగి పని చేసే చారి గారికి డెబ్బై దగ్గర ఉంటయి. నేను చెప్పేది మొత్తం విన్నడు. నవ్వుతడేమో అనుకున్న. నవ్వలే. కాగును ఒళ్లోకి తీసుకొని వంచి చూసిండు, ఏలి గోటితోని కొట్టి విన్నడు. "చేతి పనమ్మా. ఇది కొట్టినోడు ఇప్పుడుండడు. ఇప్పుడు రేకు మిషన్ల సాగి వస్తది."

దారం తీసి కడుపు చుట్టు కొలిచిండు. యాభై ఆరున్నర అంగుళాలు.

"పొయ్యికి టోపీ ఎన్నడు చెయ్యలే. ధ్వజస్తంభాల తొడుగులు చేసిన. కలశాలు చేసిన." అని కొంచెం ఆగి, "ధ్వజస్తంభం కర్ర గుండ్రంగ ఉంటదని అందరనుకుంటరు. ఉండదమ్మా. చెట్టు అది. అడుగడుక్కు దారం ఏసి కొలవాలె, కొలిచిన రేకుకు కొలిచినట్టే నెంబరు ఏసుకోవాలె. మూడో రేకు నాలుగో దాని జాగల పట్టదు. మీ పొగగూడు గూడ అంతే అనుకుంటున్న. చూడందే చెప్ప."

నేను కొలతలు కాగితం మీద రాసుకపోయిన. చూడలే. "కొలత నేనే తీస్త. ఇంకొకల కొలత మీద రాగి కొయ్య."

బస్సుల ఒడి ఖాళీగ ఉన్నది. పొద్దున మోసిన బరువు ఇంకా తొడల మీద ఉన్నట్టే.

27 ఆగస్టు, ఆదివారం

చారి గారు, వాళ్ల పిల్లగాడు వచ్చిన్రు. పిల్లగాడు నిచ్చెన ఎక్కి, వాసాలు ఏడున్నయో పెంకులు తట్టి చూసుకొని, వాసం మీదనే అడుగు ఏసుకుంట పోయిండు. రెండే పెంకులు పలిగినయి. మా ఆయన ఎక్కినప్పుడూ అంతే, రెండో మూడో.

అట్టముక్కలు నాలుగు మూలల పెట్టి గీసుకున్నడు. పద్నాలుగు. పదమూడు ముప్పావు. పద్నాలుగుంబావు. పదమూడున్నర. ఏ రెండు దిక్కులు ఒక్క తీరుగ లేవు. కింద నుంచి చూస్తే మాత్రం నలుచదరంగ, గుడి గోపురం తీరు నిక్కచ్చిగ కనపడుతది. ఇన్నేండ్లు అట్లనే అనుకున్న. డంగుసున్నం గట్టిగనే ఉన్నదట. "దీని మీద సిమెంటు పుయ్యకున్రి" అని రెండు మాట్లు చెప్పిండు చారి గారు.

పాత రేకు చూపియ్యమన్నడు. దర్వాజ ఎనకనుంచి తెచ్చిన. పడసాలల ఎండకు పెట్టి అంచు పొంటి బొటనేలు జరిపిండు. మెల్లగ. మళ్ల ఎనకకు.

"సారుది ఎడమ చెయ్యి వాటమా?"

నేను చెప్పలే ఆయనకు. ఎవరూ చెప్పలే. మా ఇంట్ల మా ఆయన ఫోటో కూడ లోపలి అర్రల ఉన్నది.

"కత్తెర కోసిన అంచు ఇటు లేసిందమ్మా. కుడి చేతోడు కోస్తే అటు లేస్తది."

అవునన్న. అంతకంటే గొంతు రాలే. చాయ్ పెడ్తనని లోపలికి పోయిన. గ్యాసు ముట్టిచ్చి, ముట్టిచ్చిన సంగతి మర్చిపోయి నిలబడ్డ.

పోయేటప్పుడు చారి గారు రేకు ఒక మూల చూపించిండు. అక్కడ బొటనేలంత ముక్క కోసి తీసేసి ఉన్నది. "ఇది ఎందుకు తీసిండో. చెయ్యి జారినట్టు లేదు." కొలతల అట్ట మీద ఆ మూలకు ఒక సున్న పెట్టుకున్నడు.

రేకు తీసుకపోతనన్నడు. ఇచ్చిన. మళ్ల తెచ్చియ్యాలె అని రెండు మాట్లన్న.

28 ఆగస్టు, సోమవారం

రాత్రి పొద్దుపోయినంక చారి గారి ఫోను. "ఆ మూలకు ఇటుక ముందటికి పొడుసుకొచ్చింది టీచరమ్మా. మా పిల్లగాడు ఫోటో తీసిండు, పెద్దగ చేసి చూసిన. అట్ట మెత్తది, వంగింది, నాకు తెలువలే. రేకు వంగదు గద. అందుకే సారు కోసిండు."

ఇప్పుడు ఆ మూల రాగిల కూడ అంత సందు పెడ్తడట.

ముప్పై ఏండ్లు కాపురం చేసిన ఇల్లు. ఆయనకు తెలిసిన ఇటుక నాకు తెల్వదు.

10 సెప్టెంబర్, ఆదివారం

చూడకుండ ఉండలేక మళ్ల పోయిన.

కాగు లేదు. అడుగు కోసి పక్కన పెట్టిండ్రు. కడుపు నిలువున చీరి విప్పిన్రు. గోడకు ఆనిచ్చి ఉన్నది, తివాచీ తీరుగ, ఇంకా వంపు పోలే. చూడంగనే కడుపుల ఎట్లనో అయింది. అత్తమ్మను తోల్కరానిది మంచిదైంది.

కొలిమిల పెట్టి ఎర్రగ అయినంక నీళ్లల్ల ముంచుతడు. ఉక్కుకైతే అట్ల చేస్తే గట్టిపడుతది, రాగికి తిరకాసు, మెత్తవడుతది. కొడుతుంటే కొడుతుంటే గట్టిగైతది, అప్పుడు మాట వినదు, పలుగుతది. మళ్ల కాల్చాలె. మళ్ల ముంచాలె. "దీనికి కోపం ఎక్కుతది. ఎక్కినంక కొట్టొద్దు." ఎన్ని మాట్లు కాల్చిండ్రని అడిగితే ఆరు అన్నడు.

మసి మొత్తం పోయింది. చింతపండు రసంల నానబెట్టి, ఇసుక పెట్టి తోమితే... ఆ రంగు. అప్పుడే పుట్టిన పిల్ల అరికాలు.

కొత్త నునుపు మీద సన్న సన్న గుంటలు. వరుసలు వరుసలు, చేప పొలుసుల తీరు. మొదలు ఆ కాగు కొట్టినోడి సుత్తె దెబ్బలట. ఎప్పటియో. చారి గారు వాటిని సాపు చెయ్యలే. "ఎందుకు చెయ్యాలె. తప్పేం చెయ్యలేదు గద ఆయన."

పక్కన ఇంకొకాయన మకరతోరణం చేస్తున్నడు. గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన ముద్ద, దాని మీద రేకు పరిచి ఎనక నుంచి ఉలితోని ఎత్తుతున్నడు. మీకూ చెయ్యాల్నా అని అడిగిండు చారి గారు, చుట్టు తామర రేకులో, హంసలో. అత్తమ్మకు ఫోన్ కలిపిన. ఆమె మాట ఫోన్ల పెద్దగ వినపడ్డది, అక్కడున్నోళ్లందరికి: "ఏం పూలద్దు, ఏం హంసలద్దు. పిట్టలు కూసుంటే సాలు."

ఇనుప సీలలు వాడడట. రాగి పక్కన ఇనుము ఉంటే వాన తడికి ఇనుమును తినేస్తదట. అన్నీ రాగి రివిట్లే. తొడుగుకు అతుకు అంగుళం. యాభై ఆరున్నరల నాలుగు దిక్కులు పోను మిగిలింది సరిగ్గ అంగుళమే. ముందే లెక్క పెట్టుకున్నట్టు.

టోపీని ఎత్తిపట్టే కాళ్లకు మాత్రం కొత్త రాగి కొనాలె. కిలో ఎనిమిది వందల పైన. సరే అన్న.

24 సెప్టెంబర్, ఆదివారం, రాత్రి

పొద్దున పదింటికి ఎక్కిచ్చిన్రు. తొడుగు పట్టిందా అని కింద నుంచి అడుగుతున్న. పిల్లగాడు పలుకలే. టప్పుమని చిన్న చప్పుడు, మూత పడ్డట్టు. అంతే. ఆ మూల కాడ కూడ ఎలితి లేదు. సన్నకాగితం దూరదన్నడు.

ఎండల మెరుస్తున్నది. ఎదురింటోల్లు బయటికొచ్చి చూసిన్రు. గుడి కట్టిండ్రా ఏంది లోపల అన్నరు.

మధ్యాన్నం చారి గారు ఉండంగనే పొయ్యి పెట్టాలని అత్తమ్మ పట్టు. తుమ్మ కట్టెలు, పాలు పొంగిద్దామని గిన్నె. కొంచెం సేపు బాగనే పోయింది. తర్వాత పొగ తిరిగొచ్చింది. గూట్లనుంచి కిందికి, మీది నుంచి దిగినట్టు. నిమిషంల అర్ర నిండింది. దగ్గు. కండ్లల్ల నీళ్లు. అత్తమ్మను బయటికి రమ్మంటే రాదు. పొయ్యి ముంగట కూసోని గొట్టంతోని ఊదుతనే ఉన్నది, మొండిగ.

చారి గారి మొఖం చిన్నబోయింది. లోపల గూడు చూసిండు, బూజు లేదు, పోయిన వారమే దులిపించిన. పైకి చూసిండు. ఏం మాట్లాడలే. టోపీకి గూటికి నడుమ సందు రెండు వేళ్ల మందం. వాన రావొద్దని తక్కువ పెట్టిండట.

మా ఆయన రేకును నాలుగు ఇటుక ముక్కల మీద పెట్టేటోడు. నాలుగు వేళ్ల ఎత్తు. నాకు తెలుసు. ఏటేటా ఆ ఇటుక ముక్కలు కింద నుంచి అందించింది నేనే. చారి గారు అడగలే. నేను చెప్పలే.

ఎందుకు చెప్పలే? మర్చిపోయిన్నా, లేక...

26 సెప్టెంబర్, మంగళవారం

చీరెల పొగ వాసన పోతలేదు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి దగ్గరకొచ్చి, మేడమ్ మీ దగ్గర మా అమ్మమ్మ వాసన వస్తున్నది అన్నది.

చారి గారికి ఫోన్ చేసి ఇటుక ముక్కల సంగతి చెప్పిన. అటు దిక్కు కొంచెం సేపు చప్పుడు లేదు. "నాలుగు వేళ్లా?" అన్నడు. "నాలుగు" అన్న. "లోపలి బొక్క తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. చుట్టూ సందు అంతకు తక్కువ పెట్టిన నేను. పొగ ఏడికి పోతది మరి. రెండింతలు ఉండాలె. సారుకు లెక్క తెలుసు."

లెక్క కాదు. ఒక ఏడు రెండు వేళ్ల ఎత్తు పెట్టి చూసి ఉంటడు, దగ్గి ఉంటడు, మర్నాడు ఇంకో ఇటుక.

29 సెప్టెంబర్, శుక్రవారం

బడికి సెలవు పెట్టిన. రేపటి నుంచి పెద్దల దినాలు, ఇగ కొత్త పనులు ముట్టొద్దు అని అత్తమ్మ రోజూ గుర్తు చేస్తున్నది.

కాళ్లు నాలుగూ మార్చి తెచ్చిండు చారి గారు. పొడుగైన మందం టోపీ అంచు కూడ కొంచెం బయటికి సాపిండు, ఏటవాలు వాన కొట్టకుండ. దీనికి పైసలు తీసుకోనన్నడు. గట్టిగ చెప్పిన, అయినా తీసుకోలే. "తప్పు కొలతది, రాగిది కాదు."

పొయ్యి పెట్టినం. అందరం లోపలనే నిలబడ్డం. కట్టె చిటపటమన్నది. పొగ లేసి, గూటి మూతి కాడ ఒక్కసారి తిరిగి, దారి దొరికినట్టు లోపలికి పోయింది. చూస్తనే ఉన్నం. మళ్ల కిందికి రాలే.

వాకిట్లకు పోయి పైకి చూసిన. నాలుగు దిక్కులనుంచి సన్నగ, నీలంగ.

పాత రేకు తెచ్చి ఇచ్చిండు. తుడిచి, నూనె రాసి తెచ్చిండు.

14 అక్టోబర్, శనివారం

పెత్రమాస. ఆయనకు మూడోది.

తెల్లారి నాలుగింటికి పొయ్యి ముట్టిచ్చిన. పప్పు, గారెలు, పచ్చిపులుసు, పాయసం. గ్యాసు మీద ఏదీ చెయ్యలే. నడుము నొప్పి పుట్టింది. బియ్యం, కూరగాయలు, పైసలు పెట్టి ఆయన పేరు మీద ఇచ్చినం. పేరు చెప్పేటప్పుడు పోయినేడు అత్తమ్మ గొంతు ఆగింది. ఈసారి నాది.

గోడ మీద ఇస్తరాకు పెట్టి చూసినం. కాకి శానసేపు రాలే. వచ్చి, కుండ మీద వాలింది. కొత్త రాగి, కాళ్లు జారినట్టున్నయి, రెక్కలు కొట్టుకొని సదురుకున్నది. అక్కడి నుంచి గోడ మీదికి.

అత్తమ్మ నా దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూడలే.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. మూడేండ్ల తర్వాత పేర్చిన. చిన్నది, గునుగు తంగేడే. వాడకట్టోల్లు పిలిస్తే పోయి ఒక్క చుట్టు తిరిగొచ్చిన. చప్పట్ల కాడ చేతులు తడబడ్డయి.

22 అక్టోబర్, ఆదివారం

సద్దులు. చింతపండు పులిహోర, పెరుగన్నం, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, మలీద. మరిది, తోటికోడలు, పిల్లలు వచ్చిన్రు. పిల్లలకు పొయ్యి కాడనే ఆట. చిన్నదానికి గొట్టంతోని ఊదుడు వచ్చింది, వదుల్తలేదు.

మరిది వాకిట్ల నిలబడి పైకి చూసుకుంట ఉన్నడు. ఎంతైంది వదినా అన్నడు. చెప్పిన. కాగు అమ్మదేనా అన్నడు. "దాంట్ల నీళ్లతోని నాకు తానం పోసేది" అన్నడు. ఇంకేం అనలే. బిల్డర్ మాట ఈసారి ఎత్తలే. ఎత్తుతడు. ఎత్తినప్పుడు ఏం చెప్పాల్నో ఇంకా తెల్వదు.

రంగు మారింది కుండ. నెల కాలే ఇంకా. ఆ అరికాలు రంగు పోయి తేనె రంగు, అంచుల కాడ ముదురు. అత్తమ్మ చింతపండు పెట్టి తోమిపియ్యాలంటది. పైకెక్కి తోముడేంది, వద్దన్నడు చారి గారు, ఆ పొరనే దానికి కాపు అన్నడు. ముందు గోధుమ, ఎన్నేండ్లకో నలుపు, ఆ మీదట పచ్చన అయితదట.

పచ్చన అయ్యేదాక ఎవలుంటరో అన్నది అత్తమ్మ. పులిహోర కలుపుకుంట, మామూలుగ.

6 డిసెంబర్, బుధవారం

తుపాను. నిన్న బాపట్ల కాడ తీరం దాటిందట. రాత్రి మొత్తం వాన, చలిగాలి.

రెండింటికి మెలకువ వచ్చింది. అలవాటుకు గంగాళం తీసుకొని వంటర్రలకు పోయిన. బల్బు ఏసి చూసిన. పొయ్యి గద్దె పొడిగ ఉన్నది. చెయ్యి పెట్టి చూసిన. పొడి. బూడిద కూడ పొడి.

పైన చప్పుడు. పెంకుల మీద వాన వేరు, దాని మీద వేరు. నూనె డబ్బా రేకు మీద పడితే పటపట అని నిద్ర పోనియ్యకపోయేది. ఇది మెత్తగ, లోపలికి, ఎవరో దూరంగ సుత్తెతోని కొడుతున్నట్టు.

అత్తమ్మ లేసే ఉన్నది. చీకట్ల నుంచి అడిగింది: "ఎన్నోది?"

"ఒక్కటి గూడ లేదు అత్తమ్మ" అన్న.

గంగాళం అక్కడనే ఇడిసిపెట్టి వచ్చి పండుకున్న.